కొట్టుగదిని చెక్కపని గదిగా మార్చుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి ఊళ్ళలో ఉన్న పాత తెలుగు ఇళ్ళకు అదనపు గది ఒకటి ఉండటం మామూలే. వీధరుగు దాటితే సావిడి, సావిడి దాటితే నట్టిల్లు, ఆపైన వంటిల్లు అంటూ రైలుపెట్టెల్లా వెనక్కి సాగే ఆ ఇళ్ళలో పెరటి గుమ్మానికి ముందు ఒక కొట్టుగది ఉంటుంది. ఒకప్పుడు ధాన్యం బస్తాలు, చింతపండు కుండలు ఉన్న ఆ గదిలో ఇప్పుడు కాలు విరిగిన కుర్చీలు, ఎవరూ పరవని పరుపులు, ఎవరూ తెరవని ట్రంకుపెట్టెలు ఉంటున్నాయి. పర్లాకిమిడిలోని మా ఇంట్లో అలాంటి గదినే, 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉన్నదాన్ని, నేను చెక్కపనికి మలచుకున్నాను. సెలవు రోజుల్లో పీటలు, గరిటెలు, చిన్న బొమ్మలు చేసుకునేవారికి అంత చోటు చాలు.

నేను ఈ పనిని తలకిందులుగా మొదలుపెట్టాను. ముందు పనిముట్లు కొన్నాను, తర్వాత బల్ల చేయించాను, ఆ తర్వాత వానాకాలం వచ్చాక గానీ గోడలో చెమ్మ ఉన్న సంగతి తెలియలేదు. అప్పుడు బల్లను బయటికి లాగి, గోడ పెచ్చులు ఊడగొట్టి, మళ్ళీ మొదటికి రావలసి వచ్చింది. కాబట్టి ఈ కింది పనులను చెప్పిన వరుసలోనే చేయండి. డబ్బు ముందు గోడకు పెట్టాలి, తర్వాత కరెంటు తీగకు, ఆ తర్వాతే ఉలికి.

వానల్లో గదిని చూడండి, చలికాలంలో బాగుచేయండి

ఎండాకాలంలో ఏ గదైనా పొడిగానే కనిపిస్తుంది. మన ప్రాంతంలో జూన్ నడిమి నుంచి వానలు పట్టుకుంటే అక్టోబరు తుఫాన్ల దాకా గాలిలో తేమ తగ్గదు కనుక, గది అసలు స్వభావం తెలియాలంటే దాన్ని శ్రావణ భాద్రపదాల్లోనే పరీక్షించాలి. దీనికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నేలనుంచి రెండడుగుల ఎత్తులో గోడకు ఆనించి, నాలుగు అంచులనూ గాలి చొరకుండా టేపుతో అతికించి, రెండు రోజులు వదిలేయండి. గోడ వైపున నీటి బొట్లు కట్టితే చెమ్మ గోడలోనుంచి వస్తోందని అర్థం. గది వైపున మాత్రమే తడి కనిపిస్తే అది గాలిలోని తేమ. కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను సరిపెడితే తగ్గుతుంది. నాలుగు గోడల మీదా, నేల మీదా విడివిడిగా ఈ పరీక్ష చేయడం మంచిది, ఎందుకంటే మా గదిలో మూడు గోడలు పొడిగా ఉండి, పెరటి బావి గట్టు వైపున్న పడమటి గోడ ఒక్కటే నీరు పీల్చింది. నా మొదటి బల్ల సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉండేది. దానిమీద వదిలేసిన పనసచెక్క పలక ఒకటి నెల తిరిగేసరికి దోనెలా వంపు తిరిగింది.

చెమ్మ గోడలోనుంచి వస్తున్నదని తేలితే రంగు వేసి కప్పకండి. ముందు బయట చూడండి: చూరు నీరు గోడ మొదట్లో పడుతోందా, పెరటి మట్టి గదిలోని నేల మట్టం కన్నా ఎత్తుగా పేరుకుందా, బట్టలు ఉతికిన నీరు అటే పారుతోందా అన్నవి గమనించి, నీటికి వేరే దారి చూపించండి. మా ఇంట్లో సగం చెమ్మ అంతటితోనే పోయింది. తర్వాత లోపల ఉప్పు పూసి పొడిగా రాలుతున్న పూతను నాలుగడుగుల ఎత్తు వరకు ఊడగొట్టి, నెలరోజులు ఆరనిచ్చి, మళ్ళీ పూత వేయించాలి. సున్నపు గచ్చుతో కట్టిన పాత గోడలకు సిమెంటు పూత, దానిపైన ప్లాస్టిక్ రంగు వేయిస్తే లోపలి తడి బయటికి రాలేక ఇంకా పైకి ఎగబాకుతుంది. అలాంటి గోడలకు సున్నపు పూత, దానిమీద రెండు చేతుల వెల్ల చాలు. ఈ పనికి కార్తీకం నుంచి మాఘం దాకా ఉన్న పొడి నెలలే అనువైనవి. వెల్ల తెల్లగా ఉండటం వల్ల వెలుతురు కూడా కలిసివస్తుంది.

ఇదే సమయంలో చెదల సంగతి తేల్చుకోండి. గోడా నేలా కలిసే అంచున, తలుపు చట్రం అడుగున, పాత అటక దూలాల మొదట్లో పెన్సిలు మందాన మట్టి గొట్టాలు కనిపిస్తాయేమో టార్చి వేసి వెతకండి. ఒక గొట్టాన్ని మధ్యలో చిదిపి చూసి, రెండు మూడు రోజుల్లో అది మళ్ళీ అతుక్కుంటే చెదలు లోపల ఇంకా ఉన్నాయన్న మాట. గోడ వారగా అడుగు అడుగుకూ రంధ్రం వేసి మందు ఎక్కించే పనిని తెలిసినవారికే అప్పగించండి. చెక్కతో నిండబోయే గదికి ఈ ఖర్చు మిగుల్చుకోవడం తెలివి కాదు.

గది ఖాళీ చేసే విషయంలో ఒక్క మాట. పాత సామాను ఎటు పోవాలో ఇంట్లోవారితో కూర్చొని ముందే తేల్చుకోండి, లేకపోతే ఆర్నెల్లలో ఆ పరుపులన్నీ మీ పనిబల్ల కిందికే తిరిగివస్తాయి.

కరెంటు

కొట్టుగదిలో సాధారణంగా ఒక బల్బు హోల్డరు, మహా అయితే ఒక 6 ఆంపియర్ల ప్లగ్గు ఉంటాయి. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి యంత్రాలు నడపడం మొదట సులువుగా కనిపించినా, లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 850 వాట్ల సాండింగ్ యంత్రం, దాని పొట్టు లాగే 1400 వాట్ల వ్యాక్యూమ్ క్లీనరు కలిసి నడిస్తే 2250 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 10 ఆంపియర్లు. అందువల్ల మెయిన్ బోర్డు నుంచి ఈ గదికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా ఒక లైను లాగించి, దానికి సొంతంగా ఒక 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్చి) పెట్టించి, గదిలో రెండు 16 ఆంపియర్ల సాకెట్లు బిగించమని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. దీపాల లైను వేరుగా ఉండాలి. యంత్రం మొరాయించి ఎంసీబీ పడిపోయినప్పుడు, తిరుగుతున్న బ్లేడు ముందు మీరు చీకట్లో నిలబడకూడదు కదా.

పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్లు ఉన్నా, వాటి వెనక ఎర్తింగు తీగ ఉంటుందన్న నమ్మకం లేదు. దాన్ని పరీక్షించమనండి. దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైతే చాలు సరఫరాను ఆపేసే ఆర్సీసీబీ అనే స్విచ్చి ఒకటి తప్పకుండా పెట్టించండి. వానాకాలంలో చెమర్చిన చేతులతో, తడి నేలమీద పని చేసే మనకు ప్రాణం కాపాడేది అదే. దానిమీద ఉన్న టెస్టు మీటను నెలకొకసారి నొక్కి, అది టక్కున పడిపోతోందా లేదా చూసుకోవాలి. కొన్ని డ్రిల్లులకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండటం చూసి కంగారు పడనక్కర్లేదు. వాటి పట్టీమీద చతురస్రం లోపల మరో చతురస్రం గుర్తు ఉంటే, అవి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నవని, ఎర్తింగు లేకుండా వాడేందుకు తయారైనవని అర్థం.

సాకెట్లను బల్ల మట్టానికి అర అడుగు ఎత్తులో గోడకు బిగించండి. నేల దగ్గర పెడితే తీగలు కాళ్ళకు చుట్టుకుంటాయి, పొట్టు వాటిలోకి దూరుతుంది.

వెలుతురు

ఉత్తరపు కిటికీ ఉన్న గది దొరికితే అదృష్టమే, ఎందుకంటే అటునుంచి వచ్చే వెలుతురు రోజంతా ఒకే తీరుగా ఉంటుంది. కుడిచేతి వాటం వారికి కిటికీ ఎడమవైపు ఉండేలా బల్లను వేసుకోవాలి. ఎడమచేతి వాటం వారికి దీనికి తిరగబడి. రాత్రి పనికి 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు సరిపోతాయి గానీ, వాటిని గది నడిమధ్యలో బిగిస్తే మీ తల నీడ మీ చేతిమీదే పడుతుంది. బల్లకు సరిగ్గా పైన, మీ నుదుటికి ముందుగా ఉండేలా పైకప్పుకు బిగించండి.

అయితే చెక్కడపు పనికి అన్నివైపులనుంచీ సమంగా పడే వెలుతురు పనికిరాదు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నున్నగా రుద్దానని మీరు అనుకుంటున్న పీటను ట్యూబులైటు కింద పెడితే అద్దంలా కనిపిస్తుంది. ట్యూబు ఆర్పేసి, టార్చిని పీట అంచుకు ఆనించి దాదాపు పడుకోబెట్టి వెలిగించండి; ఉలి వదిలిన గాట్లు, సాండ్ పేపరు అడ్డంగా గీసిన గీతలు దున్నిన చేను సాళ్ళలా బయటపడతాయి. అందుకే మెడ వంచగలిగే టేబుల్ ల్యాంపు ఒకటి బల్ల పక్కన తప్పనిసరిగా ఉండాలి.

పనిబల్ల

పాతకాలపు వడ్రంగులు నేలమీద కూర్చొని, చెక్కను కాలివేళ్ళతో అదిమిపట్టి, బాడితతో అద్భుతాలు చేసేవారు. చిన్నప్పటినుంచి అలవాటు లేని నడుముకు, మోకాళ్ళకు అది సాధ్యం కాదు కనుక మనకు బల్ల కావాలి. దాని ఎత్తు ఎంత అన్నదానికి పుస్తకాల్లో దొరికే కొలతను పట్టుకోకండి. గదిలో వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడి, చేతులు వదులుగా కిందికి వదిలి, నేలనుంచి మణికట్టు మడత దాకా కొలిపించుకోండి. చెక్కను చిత్రిక పట్టే తోపడా తోయడానికి, రంపంతో కోయడానికి ఆ ఎత్తు సరిపోతుంది. నాకది 33 అంగుళాలు వచ్చింది. బొమ్మలు చెక్కడమే ముఖ్యమైతే మరో ఐదారు అంగుళాలు పెంచుకోవాలి, లేకపోతే గంటకే మెడ పట్టేస్తుంది. రెండూ చేసేవారు తక్కువ ఎత్తు బల్లనే చేయించుకొని, చెక్కేటప్పుడు దానిమీద ఎత్తుపీట ఒకటి క్లాంపుతో బిగించుకోవడం మేలు.

5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు దాటనక్కర్లేదు. బల్లపైకి కొత్త పలక కొనేముందు ఊళ్ళో పాత ఇల్లు ఎక్కడ కూలుస్తున్నారో చూడండి. దశాబ్దాలపాటు ఎండిన తలుపురెక్క ఒకటి దొరికితే, దానికి మించిన పలక కలప డిపోలో కూడా దొరకదు. అది వంగవలసినంత ఎప్పుడో వంగిపోయి ఉంటుంది. మేకులు మిగిలి ఉంటే మాత్రం అయస్కాంతం ఆడించి ఒక్కొక్కటీ ఏరిపారేయాలి, లేకపోతే తోపడా పదును మొదటి రోజే పోతుంది. కాళ్ళకు 3 అంగుళాల చదరపు గుగ్గిలపు మాను కొయ్యలు వాడండి. గుగ్గిలం బరువైనది, గట్టిది. అయితే దానిలో మేకు నేరుగా దిగదు, ముందు రంధ్రం వేయకపోతే చీలుతుంది. బల్ల అడుగున అడ్డపలక వేసి, దానిమీద ఇరవై ఇటుకలు పేర్చితే తోపడా తోసినప్పుడు బల్ల కదలకుండా ఉంటుంది. పాత గచ్చునేలలు ఎక్కడా సమంగా ఉండవు కనుక, తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టంతో నాలుగు మూలలూ మట్టం చూసి, తక్కువైన కాలి కింద పాత సైకిలు టైరు ముక్క పెట్టండి. అది చప్పుడును కూడా మింగుతుంది.

పొట్టు, చప్పుడు

చెక్కపొట్టును తేలికగా తీసుకోకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కధూళిని 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. తోపడా తీసే చుట్టల పొట్టుతో ఇబ్బంది లేదు. సాండింగ్ చేసినప్పుడు గాలిలో తేలే సన్నని పిండే ఊపిరితిత్తుల దాకా వెళ్ళేది. ఎన్95 మాస్కు కట్టుకోకుండా సాండ్ పేపరు ముట్టకండి. ఆ సమయంలో సీలింగ్ ఫ్యాను ఆపేయండి, అది ధూళిని అణగనివ్వదు. ఇంట్లోకి తెరుచుకునే తలుపుకు ఎదుటి గోడలో 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తే, గాలి ఇంటివైపునుంచి వచ్చి పెరట్లోకి పోతుందే తప్ప, పొట్టు వంటింట్లోకి రాదు. ఆ ఫ్యాను పక్కింటివారి వంటగది కిటికీకి ఎదురుగా లేకుండా చూసుకోవడం మర్యాద. పని అయ్యాక చీపురుతో ఊడ్చకుండా, తడిగుడ్డతో తుడవండి.

వరుస ఇళ్ళలో పక్కగోడ ఇద్దరిదీ. బల్లనూ, యంత్రాలనూ ఆ గోడకు బిగించకండి; సుత్తి దెబ్బ అవతలివారి మంచం తలాపిన వినిపిస్తుంది. నేను యంత్రాల పనిని ఉదయం 10 నుంచి 12 దాకా, సాయంత్రం 4 నుంచి 6 దాకా మాత్రమే పెట్టుకుంటాను. మధ్యాహ్నపు కునుకు వేళల్లో ఉలిని సానపట్టుకోవడం, కొలతలు గీసుకోవడం వంటి చప్పుడు లేని పనులు ఎన్నో ఉంటాయి.

చెక్క ఎంపిక, నిల్వ

ఒడిశాలో డిపోకు వెళ్ళేటప్పుడు చెక్కల పేర్లు రెండు భాషల్లోనూ తెలిసి ఉంటే బేరం సాఫీగా సాగుతుంది. మన టేకును అక్కడ సాగువాన్ అంటారు, గుమ్మడిటేకును గంభారి అంటారు, గుగ్గిలాన్ని శాల అంటారు. కొత్తగా నేర్చుకునేవారికి నా సలహా గంభారి. అది తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది, ఆరాక పెద్దగా వంగదు. పనస కూడా మంచిదే. మనకు దగ్గరలోని బొబ్బిలిలో వీణలు చెక్కేది ఆ మానుతోనే. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు దొరికితే చిన్న బొమ్మలకు దానికి సాటి లేదు. వేపను చాలామంది పొయ్యిలోకి తోసేస్తారు గానీ, పూరీ జగన్నాథుని దారుమూర్తులు వేపమానుతోనే తయారవుతాయి. పురుగును దగ్గరికి రానివ్వని గుణం దానిది.

డిపోలో కలప ఘనపుటడుగుల్లో అమ్ముతారు. 6 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న పలకలు మూడు కలిస్తే ఒక ఘనపుటడుగు అవుతుందని గుర్తుంచుకుంటే లెక్కలో మోసపోరు. రసీదు తప్పక తీసుకోండి. సరిహద్దుకు ఆవల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి ఇటు గానీ, ఇటు నుంచి అటు గానీ కలపను దాటించేవారు అటవీశాఖ రవాణా నియమాలను ముందే విచారించుకోవాలి.

పచ్చి చెక్క అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో ఆరాలని వడ్రంగులు చెబుతారు. ఆరిందో లేదో తెలియడానికి ఒక పలకను కొట్టు తూకపు కాటాలో వారానికొకసారి తూచి, బరువును పలకమీదే పెన్సిలుతో రాయండి. మూడు నాలుగు వారాలు వరుసగా అదే బరువు ఉంటే ఆరినట్లే. పలకలను గోడకు నిలబెట్టి ఉంచకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు, పెరటి గుమ్మం కిందినుంచి వచ్చిన నీరు నేను నిలబెట్టి ఉంచిన పలకల అడుగు కొసల్లోకి ఎక్కింది. రెండు నెలల తర్వాత అవన్నీ కొసలనుంచి జానెడు పొడవున చీలాయి. ఇప్పుడు నేలనుంచి అడుగున్నర ఎత్తున, గోడకు మూడు అంగుళాల ఎడంగా ఇనుప బ్రాకెట్లు బిగించి, వాటిమీద పలకకూ పలకకూ మధ్య అంగుళం మందపు బద్దలు అడ్డంగా పెట్టి పరుస్తున్నాను. కొసలకు కరిగించిన మైనం గానీ, పాత ఎనామెల్ రంగు గానీ పూస్తే అవి మిగతా పలక కన్నా ముందు ఆరిపోయి చీలకుండా ఉంటాయి.

పనిముట్లు

ఇప్పుడు కొనండి, అదీ కొద్దిగా. ఒక రంపం, ఒక తోపడా, పావు అంగుళం, అర అంగుళం, అంగుళం వెడల్పు ఉలులు మూడు, మూలమట్టం, కొయ్యసుత్తి, నాలుగు క్లాంపులు, గరుకు, నున్న ముఖాలు రెండూ ఉన్న సానరాయి, ఒక డ్రిల్లు. మొదటి ఏడాదికి ఇంతే. చిన్న గ్రైండరు కొన్నా, దానికి పళ్ళున్న చెక్కకోత బ్లేడు మాత్రం ఎవరు చెప్పినా బిగించకండి. అది చెక్కలో ఇరుక్కుంటే యంత్రం చేతిలోనుంచి వెనక్కి ఎగిరివస్తుంది. ఉలులను పెట్టెలో గుట్టగా పోయకుండా, గోడకు బిగించిన పలకలో గాడులు తీసి, పదును గోడవైపు దాగేలా నిలపండి. వానాకాలంలో ప్రతి శనివారం మిషను నూనె అద్దిన గుడ్డతో ఒకసారి తుడిస్తే తుప్పు పట్టదు.

అవిసె నూనె మెరుగు పెట్టేవారు ఒక్క సంగతి మరవకూడదు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకొని, అగ్గిపుల్ల అవసరం లేకుండానే గుడ్డ అంటుకోవచ్చు. పెరట్లో దండెం మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచండి. 2 కిలోల ఏబీసీ రకం మంటలార్పే సిలిండరును బల్ల పక్కన కాకుండా గుమ్మం దగ్గర తగిలించండి, మంట రేగినప్పుడు దాన్ని దాటి వెళ్ళవలసిన పని లేకుండా.

గది సిద్ధమయ్యాక కూడా డిపోనుంచి తెచ్చిన పలకను అదే రోజు కోయకండి. అది ఈ గది గాలికి అలవాటు పడేదాకా రెండు వారాలు బ్రాకెట్ల మీద ఉండనివ్వండి. ఈలోగా మిగిలిన చెక్కముక్కలతో, కోసేటప్పుడు పలకను ఆపి ఉంచే చిన్న అడ్డుపలక ఒకటి చేసుకోండి. ఒక అంచు కింద, మరో అంచు పైన రెండు బద్దలు బిగించిన జానెడు పలక అది. కింది బద్ద బల్ల అంచుకు పట్టుకుంటే, పై బద్ద మీరు కోసే చెక్కను పట్టుకుంటుంది. గంటలో అయిపోయే ఆ పనితో రంపం, ఉలి, మూలమట్టం, బల్ల ఎత్తు అన్నీ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి.